మందు పెంచితే పురుగు తగ్గదు

2021లో గుంటూరు, ప్రకాశం మిరప చేలను నల్ల తామర పురుగు ఊడ్చేసింది. ఇన్ని మందులు కొట్టినా పూత ఎందుకు రాలిందన్నది రైతు ప్రశ్న. జవాబు పువ్వులోనే ఉంది. రేకుల మధ్య దాక్కుని రసం పీల్చే ఆ పురుగుకు పిచికారీ సరిగా తగలదు. ఆకుల మీద తిరిగే అక్షింతల పురుగు, సాలీడు వంటి మిత్రజీవులు మాత్రం ముందే చస్తాయి. యూరియా ఎక్కువై లేతబడిన మొక్క పురుగుకు మరింత అనువవుతుంది.

మందు మానేస్తే పంట దక్కుతుందా అన్న భయం న్యాయమైనదే. అప్పు తెచ్చి సాగు చేసినవాణ్ణి చేతులు కట్టుకు కూర్చోమనలేం. మానమనడం లేదు, పువ్వు విప్పి ఉధృతి చూసి, అవసరమైతేనే, మందు మార్చి కొట్టాలి. చేను చుట్టూ జొన్న, మొక్కజొన్న వరుసలు వేసి, లోపల నీలి జిగురు అట్టలు పెట్టాలి. పురుగుకు గట్టు అడ్డం కాదు కనుక ఊరంతా కలిసి చేస్తేనే ఫలితం.