బెయిట్‌కాస్టర్‌కి మారండి, కానీ బ్రేక్‌ని కంప్యూటర్ చేతిలో పెట్టి కాదు

రీల్ అంటే ఇన్‌స్టాగ్రామ్ రీల్ అనుకుని క్లిక్ చేసినవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, ఇది చేపల గాలం గురించి. ఫోన్లు, ఇయర్‌బడ్స్ మధ్య దీనికేం పని అంటారా? గాలపు రీల్‌లోకి కూడా మైక్రోకంప్యూటర్ వచ్చేసింది. దాని మీద స్పెక్స్ గొడవలు, అన్‌బాక్సింగ్ వీడియోలు అన్నీ నడుస్తున్నాయి. కాబట్టి ఇది మన ఏరియానే.

ఉప్పునీటి ఫిషింగ్‌లో స్పిన్నింగ్ రీల్ వదిలేసి బెయిట్‌కాస్టింగ్ రీల్‌కి మారాలా అని అడిగేవాళ్లు నా చుట్టుపక్కల బాగా ఎక్కువయ్యారు. నా అభిప్రాయం సూటిగా ఇదీ: మడ అడవుల పాయల్లో, నది మొగల్లో పడవ మీంచి వేసేవాళ్లయితే మారండి. బీచ్‌లో నిలబడి వేసేవాళ్లయితే అక్కర్లేదు. మారితే మాత్రం మొదటి రీల్‌గా ఎలక్ట్రానిక్ బ్రేక్ ఉన్నది కొనొద్దు. మూడో మాట చాలామందికి నచ్చదని తెలుసు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు తేడా ఏంటో చూద్దాం. మగ్గం దగ్గర నాడెలో కండె చూశారా? కండె తిరగదు, దారం దాని కొన మీంచి జారి వస్తుంది. స్పిన్నింగ్ రీల్ అచ్చం అదే. లైన్ వెళ్లేటప్పుడు స్పూల్ కదలదు. ఈ పోలిక నా సొంతం కూడా కాదు, 1905లో ఈ రకం రీల్‌కి పేటెంట్ తీసుకున్న ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ ఇంగ్లండ్‌లో బట్టల మిల్లుల యజమాని. ఉప్పాడ వెళ్తే జాందానీ మగ్గం, సముద్రం రెండూ ఒకే ఊళ్లో కనిపిస్తాయి, అక్కడ ఈ రీల్ సంగతి ఎవరికైనా ఒక్క నిమిషంలో అర్థమైపోతుంది.

బెయిట్‌కాస్టర్ అలా కాదు. అది పతంగి చరక్ లాంటిది. లూర్ గాల్లో ఎగురుతూ లైన్‌ని లాగుతుంది, ఆ లాగుడికి స్పూల్ గిర్రున తిరుగుతుంది. చరక్ పట్టుకున్నవాడు ఏమరుపాటుగా ఉంటే మాంజా ఎలా గుట్టలా పడుతుందో ఇక్కడా అంతే. గాలి ఒత్తిడికి లూర్ నెమ్మదిస్తుంది, స్పూల్ మాత్రం అదే వేగంతో తిరుగుతూ ఎవరూ అడగని లైన్‌ని వదులుతూ ఉంటుంది. దాన్నే బ్యాక్‌లాష్ అంటారు. స్పూల్ మీద పిచ్చుక గూడు కట్టినట్టు ఉంటుంది.

ఎంత వేగం అంటే, చిన్న లెక్క వేద్దాం. స్పూల్ వ్యాసం 34 మిల్లీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత సుమారు 10.7 సెంటీమీటర్లు. లూర్ సెకనుకు 30 మీటర్ల వేగంతో బయల్దేరితే స్పూల్ సెకనుకు 280 సార్లు తిరగాలి, అంటే నిమిషానికి దాదాపు 17 వేల చుట్లు. మీ పాత డెస్క్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తిరిగేది 7,200 ఆర్‌పీఎం. దానికి రెండింతలకు పైగా తిరిగే చక్రాన్ని బొటనవేలితో అదుపు చేయమంటోంది ఈ గ్యాడ్జెట్. తిక్కగానే అనిపిస్తుంది. కానీ దీంట్లోని మజా అంతా అక్కడే ఉంది.

అయితే ఇంత కష్టం ఎందుకు పడాలి? దీనికి నా సమాధానం ఒక చేప. పండుగప్ప.

గౌతమి పాయ యానాం దాటి సముద్రంలో కలిసే వైపు, కోరంగి చుట్టుపక్కల కాలువల్లో పండుగప్ప ఎక్కడుంటుందో తెలుసు కదా, మడ చెట్ల వేర్ల కింద నీడలో. (కోరంగి అభయారణ్యం హద్దుల్లోపల మాత్రం అనుమతి లేకుండా రాడ్ బయటికి తీయకండి. హద్దు ఎక్కడో పడవ నడిపే వాళ్లకి బాగా తెలుసు, అడగండి.) లూర్‌ని ఆ వేర్ల ముందు జానెడు దూరంలో పడేయాలి. రెండు గజాలు ఇవతల పడితే చేప కదలదు, రెండు గజాలు అవతల పడితే లూర్ చెట్టుకి అంకితం. స్పిన్నింగ్ రీల్‌తో లూర్‌ని గాల్లో ఆపాలంటే చూపుడు వేలితో స్పూల్ అంచు మీద లైన్‌ని తడమాలి. కుదురుతుంది, కానీ మోటుగా ఉంటుంది. బెయిట్‌కాస్టర్‌లో బొటనవేలు మొదట్నుంచీ స్పూల్ మీదే ఉంటుంది. కాస్త నొక్కితే లూర్ నెమ్మదిస్తుంది, గట్టిగా నొక్కితే ఉన్నచోటే నీళ్లలో పడుతుంది.

అసలు పని ఆ తర్వాత. పండుగప్ప అందుకోగానే చేసే మొదటి పని మళ్లీ వేర్లలోకి దూరడం. మీకుండేది రెండు మూడు సెకన్లు. అప్పుడు డ్రాగ్ నాబ్ తిప్పుతూ కూర్చోలేం. బెయిట్‌కాస్టర్‌లో అదే బొటనవేలితో స్పూల్‌ని అదిమిపట్టి రాడ్‌ని పక్కకి లాగేస్తాం, చేప తల ఇటు తిరిగాక వదులుతాం. స్పిన్నింగ్ రీల్‌లో లైన్ రోలర్ దగ్గర 90 డిగ్రీలు మలుపు తిరిగి స్పూల్‌కి చేరుతుంది. బెయిట్‌కాస్టర్‌లో తిన్నగా వెళ్లి చుట్టుకుంటుంది, బావి గిలకకి చేంతాడు చుట్టినట్టు. డ్రాగ్ జారుతుంటే కంగారులో హ్యాండిల్ తిప్పేస్తే స్పిన్నింగ్ రీల్‌లో లైన్ మెలికలు పడుతుంది, ఇందులో ఆ బాధ లేదు. నా మటుకు ఈ ఒక్క కారణం చాలు మారడానికి.

మరి బీచ్ సంగతి? విశాఖలో రుషికొండ, యారాడ లాంటి చోట్ల మధ్యాహ్నం దాటితే గాలి సముద్రం మీంచి నేరుగా మొహానికి కొడుతుంది. ఎదురుగాలికి లూర్ హఠాత్తుగా నెమ్మదిస్తుంది, బ్యాక్‌లాష్‌కి అంతకంటే మంచి ముహూర్తం లేదు. పైగా అక్కడ కావాల్సింది దూరం, గురి కాదు. తేలికైన జిగ్‌ని ఎదురుగాలిలో దూరం విసరడానికి స్పిన్నింగ్ రీలే కరెక్ట్. ఏడెనిమిది గ్రాముల లోపు లూర్లకి కూడా అంతే. మామూలు బెయిట్‌కాస్టర్ స్పూల్‌ని తిప్పే బలం అంత చిన్న లూర్‌కి ఉండదు. "ప్రో అయితే బెయిట్‌కాస్టర్, బిగినర్ అయితే స్పిన్నింగ్" అని వీడియోల్లో చెప్పే మాటని పట్టించుకోకండి. రెండూ వేర్వేరు పనిముట్లు, అంతే.

ఇక అసలు గొడవ. బ్రేకులు మూడు రకాలు. ఒకటి సెంట్రిఫ్యూగల్: స్పూల్ వేగంగా తిరిగితే చిన్న ప్లాస్టిక్ ముక్కలు బయటికి జరిగి రింగుకి రాసుకుంటాయి. రెండోది మాగ్నెటిక్, అయస్కాంతాలు స్పూల్‌ని తాకకుండానే వెనక్కి లాగుతాయి. మూడోది షిమానో వారి డీసీ, అంటే డిజిటల్ కంట్రోల్. ఇది నిజంగా అందమైన ఇంజినీరింగ్, అందులో అనుమానం లేదు. బ్యాటరీ ఉండదు. స్పూల్ తిరిగితేనే కరెంటు పుడుతుంది, సైకిల్ డైనమోలాగా. ఆ కరెంటుతోనే చిప్ మేలుకుని, సెకనుకి వెయ్యిసార్లు స్పూల్ వేగాన్ని చూస్తూ ఎంత బ్రేక్ వేయాలో లెక్కగడుతుంది. క్యాస్ట్ చేస్తుంటే కుయ్‌మని ఒక సన్నటి కూత వస్తుంది. ఆ సౌండ్ కోసమే కొన్నవాళ్లు కూడా నాకు తెలుసు. 2018లో కురాడో డీసీ అమెరికాలో 250 డాలర్ల దగ్గర వచ్చింది, 2020లో ఎస్‌ఎల్‌ఎక్స్ డీసీ 190 డాలర్ల దగ్గరికి దిగింది. మన దగ్గరికి వచ్చేసరికి దిగుమతి, షిప్పింగ్, షాపువాడి మార్జిన్ కలిసి ఎంతవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

అంత బాగుంటే ఎందుకు వద్దంటున్నా? ఎందుకంటే డీసీ బొటనవేలి పని మొత్తం తీసుకోదు. లూర్ నీటిని తాకిన క్షణం స్పూల్‌ని ఆపాల్సింది మీ వేలే. వేర్ల ముందు జానెడు దూరంలో లూర్‌ని దించాల్సిందీ మీ వేలే. చెట్టు ఎక్కడుందో చిప్‌కి తెలీదు. పండుగప్పని ఆపేటప్పుడు చిప్‌కి అసలు పనే లేదు, అది విసిరేటప్పుడు మాత్రమే పనిచేసే బ్రేక్. అంటే బెయిట్‌కాస్టర్‌కి మారడానికి నేను చెప్పిన రెండు కారణాలూ బొటనవేలికి సంబంధించినవే. ఆ వేలికి పని నేర్పకుండా తప్పించే ఫీచర్‌కి ముందుగా డబ్బు పెట్టడంలో నాకు అర్థం కనిపించదు. చేతి గాలంతో వంజరం లాగే మన జాలర్ల వేళ్లకి ఉన్న జ్ఞానంలో పదో వంతు వచ్చినా చాలు, మామూలు మాగ్నెటిక్ బ్రేక్ సగానికి తగ్గించి హాయిగా వేయొచ్చు.

ఇంకో కారణం రిపేరు. మన ఫోన్ల గురించి ఇక్కడ రోజూ మాట్లాడుకునే విషయమే ఇది. మామూలు రీల్‌లో విప్పలేని భాగం దాదాపు ఉండదు. నా రీల్‌లో లైన్‌ని అటూ ఇటూ సమంగా పరిచే లెవెల్‌విండ్ దగ్గర పాల్ అనే చిన్న ముక్క రెండేళ్లకి అరిగింది. తెప్పించుకుని, కాఫీ చల్లారేలోపు మార్చేశాను. డీసీ యూనిట్ అలా ఇంట్లో విప్పి బాగుచేసే వస్తువు కాదు. ఉప్పునీటిలో వాడే దేన్నైనా మనమే విప్పి శుభ్రం చేసుకోగలగడం నా దృష్టిలో స్పెక్స్ షీట్‌లో మొదటి లైన్.

ఉప్పు సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. మీ ఐపీ68 ఫోన్‌ని టెస్ట్ చేసేది మంచినీళ్లలోనే, సముద్రపు నీళ్లలో కాదు. బెయిట్‌కాస్టర్‌కి ఆ మాత్రం రేటింగ్ కూడా ఉండదు. లెవెల్‌విండ్ స్క్రూ బయటికే కనిపిస్తూ ఉంటుంది, ఉప్పు మొదట పేరుకునేది అక్కడే. ఇంటికి రాగానే డ్రాగ్‌ని బిగించి (లోపలి వాషర్లలోకి నీళ్లు పోకుండా), మగ్‌తో నెమ్మదిగా మంచినీళ్లు పోయండి. బకెట్‌లో ముంచొద్దు, పైపుతో జోరుగా కొట్టొద్దు, ఆ జోరుకి ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. నీడలో ఆరాక డ్రాగ్ వదులు చేసి, స్పూల్ బేరింగులకి, ఆ స్క్రూకి ఒక్కో చుక్క నూనె. కొనేటప్పుడు మెగ్నీషియం ఫ్రేమ్ అంటే తేలికగా ఉంటుందని మురిసిపోకండి. కోటింగ్ మీద గీత పడితే ఉప్పునీళ్లకి అది చాలా వేగంగా తినేస్తుంది. అల్యూమినియం గానీ గ్రాఫైట్ కాంపోజిట్ గానీ చూసుకోండి.

బడ్జెట్ వేసుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. రీల్ ఒక్కటే మారిస్తే సరిపోదు. స్పిన్నింగ్ రీల్ రాడ్ కింద వేలాడుతుంది, ఇది రాడ్ పైన కూర్చుంటుంది, కాబట్టి వేలికి ట్రిగ్గర్ ఉన్న క్యాస్టింగ్ రాడ్ కూడా కొనాలి. హ్యాండిల్‌ని స్పిన్నింగ్‌లోలాగా అటూ ఇటూ మార్చుకునే వీలుండదు. కుడిచేత్తో విసిరి ఎడమచేత్తో తిప్పే అలవాటున్నవాళ్లు ఎడమ హ్యాండిల్ మోడలే అడిగి తీసుకోండి. గేర్ రేషియో 6, 7 మధ్యలో ఉంటే చాలు, అంతకంటే పెద్ద నంబర్ చూసి టెంప్ట్ అవ్వొద్దు. బ్రెయిడ్ లైన్ నేరుగా చుడితే నున్నటి స్పూల్ మీద మొత్తం జారిపోతుంది, కింద కొంచెం మోనో చుట్టి దాని మీద బ్రెయిడ్ వేయండి. నేను వాడేది 30 పౌండ్ల బ్రెయిడ్, ముందు 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్. పండుగప్ప మొప్పల రెక్కలు బ్లేడుల్లా ఉంటాయి, లీడర్ విషయంలో పొదుపు వద్దు.

నేర్చుకోవడానికి నీళ్లు కూడా అక్కర్లేదు. కాలనీ గ్రౌండ్‌లో హుక్స్ లేకుండా 15-20 గ్రాముల బరువు కట్టుకుని, మోనో లైన్‌తో, బ్రేక్ మొత్తం పెట్టి మొదలుపెట్టండి. ఒకసారి దూరంగా విసిరి, ఇంకో పదిహేను గజాలు లాగి, స్పూల్ మీద అక్కడ ఒక టేపు ముక్క అంటించి మళ్లీ చుట్టేయండి. ఎంత గూడు కట్టినా టేపు కిందికి దిగదు. గూడు కట్టిందా, కత్తెర తీయకండి. బొటనవేలితో స్పూల్‌ని గట్టిగా నొక్కి హ్యాండిల్ రెండు చుట్లు తిప్పి, మెల్లగా లైన్ లాగండి. ముడి తగిలితే మళ్లీ అదే చేయండి. పదిలో ఎనిమిదిసార్లు వచ్చేస్తుంది. వారాంతాల్లో గంట చొప్పున వేసినా నెల రోజుల్లో బ్రేక్‌ని రెండు మూడు పాయింట్లు తగ్గించే ధైర్యం వస్తుంది.

డీసీకి నేను పూర్తిగా ఒప్పుకునే చోటు ఒకటుంది, చీకటి. పండుగప్ప సందె వేళ, రాత్రి పూటే బాగా పడుతుంది. లూర్ ఎక్కడ పడిందో కంటికి కనపడనప్పుడు వేలు చెవిని నమ్ముకోవాలి, అక్కడ చిప్ సాయం బంగారం. అందుకే రెండో రీల్‌గా దాన్ని నేనూ చూస్తున్నా. ఎడమ హ్యాండిల్ మోడల్ మాత్రం నేను అడిగిన రెండు షాపుల్లోనూ ఇంకా స్టాక్ రాలేదు.