జాతర గుడారంలో వంట – జాగ్రత్తలు

ప్రశ్న: మేం మేడారం జాతరకు వెళ్లినప్పుడల్లా మూడు రోజులు గుడారం వేసుకుని ఉంటాం. పోయిన జాతరలో రాత్రి మిగిలిన అన్నం, కోడికూర పొద్దున్నే వేడిచేసుకుని తిన్నాం. పదిగంటలకల్లా అందరికీ వాంతులు, ఆ తరువాత విరేచనాలు. అప్పటికి మూడేళ్లున్న మా బాబు సొమ్మసిల్లిపోయాడు. కూర వాసన రాలేదు, బాగా మరిగించాం కూడా. మరి ఎందుకిలా అయింది? ఈసారి ఏం చేయాలి?
– ఒక గృహిణి, వరంగల్లు

జవాబు: వాసన రానంత మాత్రాన తిండి మంచిదని అనుకోకండి. జబ్బు తెచ్చే క్రిములు చాలావాటికి వాసనా ఉండదు, రుచీ ఉండదు. 5 నుంచి 60 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య వేడిలో ఇవి త్వరగా పెరుగుతాయి. బియ్యంలో ఉండే ఒకరకం క్రిమి బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ మరిగించినా పోదు. మీ ఇంట్లో జరిగింది చాలావరకు ఇలాంటిదే అయి ఉంటుంది.

ఈసారి ఇలా చేయండి.

1. ఏ పూటకాపూట సరిపడా వండండి. వండిన రెండు గంటల్లో తినేయండి. ఎండ బాగా ఉంటే గంటలోనే. మిగిలితే పారేయండి; పిల్లవాడి ప్రాణంకంటే గిన్నెడు కూర ఎక్కువ కాదు.

2. కోడిని కోయించిన వెంటనే పొయ్యిమీద పెట్టండి. ఎముక దగ్గర ఎరుపు లేకుండా ఉడకాలి. మాంసం కోసిన కత్తితో, పీటతో ఉల్లిపాయలు తరగవద్దు.

3. చేతికి కురుపుగాని, తెగిన గాయంగాని ఉన్నవాళ్లు వంట చేయకూడదు, వడ్డించకూడదు.

4. ఇంటినుంచి సకినాలు, మురుకులు, అటుకులు, పల్లీ పట్టీలు, పాలపొడి తీసుకెళ్లండి. తడి లేనివి నిలవుంటాయి. కొబ్బరి పచ్చడి, పాలు, ఉడికించిన బంగాళాదుంప కూర వద్దు.

5. కూరగాయలకు, పెరుగుకు తడిగుడ్డ చుట్టిన మట్టికుండ మేలే. మాంసానికి ఆ చల్లదనం చాలదు. ఐసు పెట్టె తీసుకెళ్లినా, ఐసు కరిగిందంటే అది ఉత్త డబ్బాయే.

6. జంపన్నవాగులో స్నానం చేయండి గాని, ఆ నీళ్లు తాగవద్దు. తాగే నీళ్లు తెర్లేదాకా కాచి, మూతపెట్టి చల్లార్చండి. మలవిసర్జన తరువాత, వంటకు ముందు సబ్బుతో చేతులు కడగాలి.

అయినా విరేచనాలు పట్టుకుంటే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. పిల్లలకు చెంచాతో కొంచెం కొంచెంగా తాగించండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు దొరికితే ఇంకా మంచిది. నాలుగు పొట్లాలు సంచిలో వేసుకునే బయలుదేరండి. విరేచనాలు కట్టడానికి పెద్దవాళ్లు వేసుకునే మాత్రలు పసివాళ్లకు ఇవ్వకండి.

కళ్లు లోతుకు పోయినా, ఆరు గంటలపాటు మూత్రం రాకపోయినా, మలంలో నెత్తురు కనిపించినా, బిడ్డ మగతగా పడి ఉన్నా ఇంటి వైద్యంతో కాలం గడపవద్దు. జాతరలో ప్రభుత్వ వైద్య శిబిరాలు ఉంటాయి. గుడారం వేసిన రోజే దగ్గరి శిబిరం ఎక్కడుందో చూసి పెట్టుకోండి.