విమానం ఎవరిదన్న రచ్చలో మరుగునపడిన ప్రశ్న

2024 జనవరిలో మాల్దీవుల గాఫు అలిఫు అటోల్‌లోని విలింగిలి ద్వీపంలో మెదడు కణితి ఉన్న ఒక బాలుడు పక్షవాతానికి గురయ్యాడు. రాజధాని మాలేకు తరలించమని వేడుకున్నా గంటల తరబడి విమానం రాలేదని కుటుంబం ఆరోపించింది. చివరి క్షణంలో సాంకేతిక లోపం తలెత్తిందని తరలింపు బాధ్యత వహించే ఆసంధ సంస్థ వివరణ ఇచ్చింది. బాలుడు బతకలేదు.

ఆ మరణం క్షణాల్లో దౌత్య వివాదంగా మారింది. భారత్ ఇచ్చిన డోర్నియర్ విమానాన్ని వాడుకునేందుకు ముయిజ్జూ ప్రభుత్వం అనుమతించలేదన్న ఆగ్రహం ఒకవైపు, భారత సైనిక సిబ్బంది దేశం విడిచి వెళ్ళవలసిందేనన్న పంతం మరొకవైపు. విమానం ఎవరిదన్న తర్కంలో ఢిల్లీ స్టూడియోలూ మాలే వేదికలూ ఏకంగా మునిగిపోయాయి. విలింగిలిలో మంచాన పడిన మనిషికీ ఆపరేషన్ బల్లకూ మధ్య ఏర్పాటు ఏమిటి, దానికి జవాబుదారీ ఎవరు అని అడిగిన గొంతులు ఆ హోరులో వినిపించలేదు.

ఇది జవాబు లేని ప్రశ్న కాదు. ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగిన శస్త్రచికిత్స అందడం లేదని లాన్సెట్ కమిషన్ 2015లోనే లెక్క తేల్చింది. సిజేరియన్, పొట్ట తెరిచి చేసే అత్యవసర ఆపరేషన్, చర్మం చీల్చుకొచ్చిన ఎముక విరుగుడుకు చికిత్స: ఈ మూడూ చేయగల ఆసుపత్రి రెండు గంటల దూరంలో ఉండాలన్నది దాని కొలబద్ద. జాంబియా, టాంజానియా వంటి దేశాలు జాతీయ శస్త్రచికిత్సా ప్రణాళికలు రాసుకున్నాయి.

అయితే ఖండాల కొలతలు ద్వీపాలకు అతకవు. లక్ష జనాభాకు 20 మంది సర్జన్లు, మత్తు వైద్యులు, ప్రసూతి నిపుణులు ఉండాలన్న సూత్రాన్ని పదకొండు వేల జనాభా గల తువాలుకు వర్తింపజేస్తే వచ్చేది ఇద్దరు. ఒకరు సర్జన్, మరొకరు మత్తు వైద్యుడు అనుకుందాం. రెండో మనిషి సెలవు పెట్టిన రోజున మొదటి మనిషి చేతిలోని కత్తి పనికిరాదు. మాల్దీవుల సంగతి ఇంకా విచిత్రం. సుమారు ఐదు లక్షల జనాభాకు వందమంది నిపుణులు కావాలి. ఆ వందమందినీ మాలేలోనే కూర్చోబెట్టినా సూత్రం నెగ్గినట్టే. జనావాసమున్న 180కి పైగా ద్వీపాలలో తక్కినవన్నీ సముద్రం వైపు చూస్తూ ఉండవలసిందే.

చిన్న దేశానికి ప్రతి దీవిలో సర్జన్‌ను నిలిపే స్థోమత ఎక్కడిదని పెదవి విరిచేవారున్నారు. వారి మాటలో నిజముంది. నెలకు రెండు మూడు ఆపరేషన్లు చేసే చేయి మొద్దుబారుతుంది. మెదడు శస్త్రచికిత్స అటోల్‌కొకటి ఉండాలని కోరేవారెవరూ లేరు. కానీ ఆ వాదన తేల్చేది తరలింపు అనవసరమని కాదు, తరలింపే ప్రణాళికకు వెన్నెముక అని. ఏ కేసు ఎక్కడ చేయాలి, ఏ కేసు ఎప్పుడు పంపాలి, అర్ధరాత్రి సంతకం ఎవరిది, విమానం చెడితే రెండోది ఏది: ఇవి ముందే రాసి ఉండాలి. పొరుగు దేశంతో సంబంధాలు ఎలా ఉన్నాయన్నది ఆ కాగితంలో ఉండరాని వాక్యం. పైగా తలసీమియా వాహకులు ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న దేశాల్లో మాల్దీవులొకటి. రోగులకు నిత్యం ఎక్కించే రక్తమే వెతుక్కోవలసి వచ్చే చోట ఆపరేషన్‌కు రక్తం ఏ దీవిలో, ఎన్ని సీసాలు నిల్వ ఉంచాలన్నది కూడా ప్రణాళికలోని మాటే.

పాలకులకు మాత్రం రిబ్బను కత్తిరించగలిగినవే కనిపిస్తాయి. భారత్ కట్టించిన ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రిని 1995లో మాలేలో పీవీ నరసింహారావు ప్రారంభించారు. దాని విలువను ఎవరూ కాదనరు; దశాబ్దాలుగా ఆ దేశానికి అదే పెద్ద దిక్కు. 2018లో యామీన్ 25 అంతస్తుల ధరుమవంత ఆసుపత్రిని తెరిచారు, అదీ మాలేలోనే. ముయిజ్జూ ఆరోగ్య బీమాను థాయిలాండ్, దుబాయ్ ఆసుపత్రులకు విస్తరిస్తామని ప్రకటించి స్వావలంబన అన్నారు. భారత్ మీద ఆధారపడటం మాని మరో ఇద్దరి మీద ఆధారపడటం స్వావలంబన ఎట్లా అవుతుందో ఆయనే చెప్పాలి. మత్తు వైద్యుల డ్యూటీ చార్టుకు ప్రారంభోత్సవం ఉండదు. విదేశీ వైద్యుడి కాంట్రాక్టు ముగిసేనాటికి స్థానికుడొకరు తయారై ఉన్నారా అన్న లెక్కకు శిలాఫలకం ఉండదు.

ఢిల్లీ నీతులు చెప్పేముందు మినికాయ్ వైపు చూడటం మేలు. మాల్దీవుల ఉత్తరపు కొసకు కూతవేటు దూరంలో, అదే ధివేహి భాష మాట్లాడే భారత ద్వీపం అది. లక్షద్వీప్ రోగులు కష్టమైన ఆపరేషన్లకు నేటికీ హెలికాప్టర్‌లో కొచ్చి చేరవలసిందే. 2021లో అక్కడి పాలనా యంత్రాంగం వారి తరలింపునకు కమిటీ ఆమోదం కావాలని ఉత్తర్వు జారీ చేసింది. ఆ హెలికాప్టర్ ఏ దేశానిదన్న వివాదం అక్కడ లేదు.