విడీ ఘర్కుల్ శ్రోతలకు ఏం వినిపించాలి?

ఇంటర్నెట్‌లో వచ్చే వీడియోలు, పాటలు, కథలు, సమాచార కార్యక్రమాలు అన్నిటినీ కలిపి ఇప్పుడు కంటెంట్ అంటున్నారు. దాని విలువను ఎంతమంది చూశారన్న లెక్కతోనే తేల్చడం అలవాటైపోయినందువల్ల, ఒక పేటకో, ఒక వృత్తికో, ఒక మాండలికానికో చెందిన కొద్దిమంది కోసం చేసే పని మొదటి నుంచే చిన్నచూపుకు గురవుతున్నది. ఆ చిన్నచూపు ఎంత పొరపాటో సోలాపూర్ తెలుగువారిని చూస్తే తెలుస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ తరతరాలుగా ఆ మహారాష్ట్ర నగరానికి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాల్లో మగవారు పవర్‌లూమ్‌ల మీద చద్దర్లు, తువ్వాళ్లు నేస్తుంటే ఆడవారు ఇంటి దగ్గరే బీడీలు చుడుతూ వచ్చారు. బీడీ కార్మికుల కోసం కట్టిన ఇళ్ల కాలనీని అక్కడ విడీ ఘర్కుల్ అంటారు. వాటిలో, వార్లీ ఆదివాసుల తిరుగుబాటును నడిపించిన గోదావరి పరులేకర్ పేరు పెట్టుకున్న కుంభారి కాలనీ, నర్సయ్య ఆడం నాయకత్వంలో కార్మికులు ఏళ్ల తరబడి చేసిన పోరాటం వల్ల ఏర్పడగా, అక్కడి 10,000 ఇళ్లను 2006లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ కార్మికులకు అప్పగించారు.

బీడీ పనికి కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు. ఒడిలో చాట పెట్టుకొని, కత్తిరించిన తునికాకులో పొగాకు పోసి, చుట్టి, కొసలు మడిచి, దారం కట్టే ఆ పనిలో కళ్లూ చేతులూ ఒక్క క్షణం తీరిక లేకుండా ఉంటాయి గనుక, తెర వైపు చూసిన ప్రతి నిమిషం కూలిలో కోతే అవుతుంది. చెవులు మాత్రం ఖాళీగా ఉంటాయి. పవర్‌లూమ్ షెడ్డులో పరిస్థితి ఇందుకు విరుద్ధం. ఆ మోతలో పక్క మనిషి మాటే వినపడదు. అంటే ఒకే ఇంట్లో, ఒకే భాష మాట్లాడే భార్యాభర్తలకు కూడా కార్యక్రమం చేరే వేళ వేరు, దారి వేరు. దీనికి తోడు పిల్లల చదువు ఎక్కువగా మరాఠీలోనే సాగడం వల్ల, తెలుగు ధారాళంగా మాట్లాడుతూ తెలుగు అక్షరాలు చదవలేని తరాలు అక్కడ పెరిగాయి. తెర మీద తెలుగులో రాసిన వాక్యం వారిని చేరదు, తెలుగు గొంతు మాత్రం చేరుతుంది. ఎవరి కోసమైనా ఏదైనా తయారు చేయదలచినవారు మొట్టమొదట తెలుసుకోవలసింది ఇటువంటి సంగతులనే గాని ఏ తరహా వీడియోకు గిరాకీ ఉన్నదన్న సంగతిని కాదు.

పొగాకు పనివారికీ వినికిడికీ ఉన్న ఈ సంబంధం సోలాపూర్‌తో మొదలైంది కాదు. 1865లో క్యూబా రాజధాని హవానాలోని ఎల్ ఫిగారో చుట్టల కర్మాగారంలో, పనివారు చుట్టలు చుడుతుండగా ఎత్తైన పీట మీద కూర్చున్న ఒక మనిషి వార్తాపత్రికలను, నవలలను బిగ్గరగా చదివి వినిపించే పద్ధతి మొదలైంది. చదివే మనిషిని అక్కడ లెక్టోర్ అన్నారు. అతనికి జీతం యజమాని ఇచ్చేవాడు కాదు. పనివారే తమ కూలిలో నుంచి తలా కొంత వేసుకొని ఇచ్చేవారు, ఏ పుస్తకం చదవాలో కూడా వారే నిర్ణయించేవారు. ఆ చదువు పనివారిలో ఆలోచన పెంచుతున్నదని భయపడిన వలస ప్రభుత్వం మరుసటి ఏడాదే దాన్ని నిషేధించినా ఆ సంప్రదాయం చావలేదు. వినేవారే ఎంచుకోవడం, వినేవారే ఖర్చు భరించడం అన్న రెండు ఏర్పాట్లే దానికి ప్రాణం పోశాయని చెప్పాలి.

అయితే ఇందుకోసం హవానా దాకా వెళ్లనవసరం లేదు, ఎందుకంటే పద్మశాలీల సొంత సంప్రదాయంలోనే ఇంతకంటే పాత ఏర్పాటు ఒకటి ఉన్నది. తెలంగాణలో ఒక కులానికి మాత్రమే దాని పురాణాన్ని వినిపించి, ఆ కులం ఇచ్చే మిరాశీతో, అంటే వంశపారంపర్యంగా రావలసిన హక్కుతో, బతికే కళాకారులను ఆశ్రిత కులాలవారు అంటారు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, చాకలివారికి మడేలు పురాణం చెప్పే పటంవారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు ఉన్నట్లే, పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, భావనాఋషి కథను చెప్పే కూనపులివారు ఉన్నారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద గీసిన పొడవాటి పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, బొమ్మ వెంబడి బొమ్మ చూపుతూ, పాటా మాటా కలిపి వారు కథ నడుపుతారు. ఆ కథ ఊరందరికీ నచ్చాలన్న పట్టింపు వారికి లేదు. మగ్గం ఎలా పుట్టింది, నూలు ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నలు ఎవరి బతుకుకు సంబంధించినవో వారికే ఆ కథ చెప్పేవారు. శ్రోతలకు కథ ముందే తెలుసు గనుక కథనం పలచబడే వీలు కూడా ఉండేది కాదు. నారళీ పౌర్ణమి అని మహారాష్ట్రలో పిలిచే శ్రావణ పౌర్ణమి నాడు సోలాపూర్ వీధుల్లో మార్కండేయుని రథం కదులుతుంటే వేలాదిగా వెంట నడిచే జనం ఈ కథకు వారసులే. కొద్దిమంది శ్రోతల కోసం గొప్ప కళ పుట్టదన్న వాదాన్ని తోసిపుచ్చడానికి ఆ చుట్టిన పటం ఒక్కటి చాలు.

ఇటీవలి కాలంలోనూ నిదర్శనాలున్నాయి. సోలాపూర్ నుంచి హైదరాబాద్ వెళ్లే రహదారి మీదనే ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అండతో 2008లో దళిత మహిళలు మొదలుపెట్టిన సంగం రేడియో, చుట్టుపక్కల పల్లెల సేద్యాన్ని, విత్తనాలను, పాటలను ఆ పల్లెల యాసలోనే వినిపించింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానల్ ద్వారా పేరుపొందిన గంగవ్వ, కూలి పనులు చేసి, బీడీలు చుట్టి బతికిన మనిషి. ఆమె మాట పుస్తక భాషలోకి మారకుండానే రాష్ట్రాలు దాటింది. లంబాడిపల్లికి దక్కిన ఆ విస్తృతి సంతోషించదగినదే అయినా, విడీ ఘర్కుల్‌కు దాన్ని గమ్యంగా చూపడం తగదు. లక్షలమంది కోసం ఆశపడిన మరుక్షణం, మరాఠీ, కన్నడ, దక్ఖనీ మాటలు కలిసిన సోలాపూర్ తెలుగును బయటివారి నవ్వు కోసం వాడుకునే ప్రమాదం ఎదురవుతుంది. నలుగురిని నవ్వించడానికి తన తల్లి మాటను వెక్కిరించుకునే కార్యక్రమం ఎంతమంది చూసినా దండగే.

అక్కడ వినిపించవలసిన విషయాలకు కొదవ లేదు. 1976 చట్టంతో ఏర్పడిన బీడీ కార్మికుల సంక్షేమ నిధికి ఆధారమైన సెస్సు 2017లో జీఎస్టీ రాకతో రద్దయిన తీరును, పిల్లల ఉపకార వేతనాలకు దరఖాస్తు చేసే పద్ధతిని, పొగాకు దుమ్ము నుంచి కాపాడుకునే జాగ్రత్తలను వారి మాటలోనే విడమరచి చెప్పే గొంతులు కావాలి. పెద్దవారి వలస జ్ఞాపకాలు, పెళ్లి పాటలు, బతుకమ్మ పాటలు వారి గొంతుల్లోనే నమోదు కావాలి. వెయ్యి బీడీలు పూర్తయ్యేలోగా ఎన్నోసార్లు ఆపి మళ్లీ అందుకోగలిగేటట్లు, చూడకపోయినా అర్థమయ్యేటట్లు వాటిని మలచాలి. ఏది ముందు రావాలో వినే ఆడవారినే అడగాలి. ప్రకటనల ఆదాయం ఇంత చిన్న శ్రోతవర్గానికి సరిపోదు గనుక, సోలాపూర్‌లో ఇప్పటికే విద్యాలయాలనూ సహకార ఆసుపత్రినీ నడుపుతున్న పద్మశాలీ సమాజం, కార్మిక సంఘాలు ఆ ఖర్చును కొంత తలకెత్తుకోవడం న్యాయం. తెలంగాణ రచయితలు తమ కథలను సోలాపూర్ యువతీయువకులు చదివి వినిపించుకోవడానికి ప్రతిఫలం అడగకుండా అనుమతి ఇవ్వాలి. తెలుగు విశ్వవిద్యాలయం, సాహిత్య అకాడమీలు కూనపులివారి కథాగానాన్ని పూర్తిగా రికార్డు చేయించి ఆ కాలనీల ఫోన్లకు చేర్చే పనిని ఆలస్యం చేయకుండా చేపట్టాలి.