అటక మీది తుపాకీ మనకెందుకు అంటారా?

"తుపాకీ సంగతి మగవాళ్ళు చూసుకుంటారు లెండి!"

ఈ మాట ఎన్ని ఇళ్ళల్లో విన్నానో. సరే, ఏం చూసుకుంటున్నారు? ఏడాదికోసారి దసరాకి కిందికి దింపుతారు. తడిగుడ్డతో తుడిపించి, గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టిస్తారు. వచ్చిన వాళ్ళందరికీ "మా తాతగారిది" అని చూపించి, మళ్ళీ తోలు సంచిలో దూర్చి అటకెక్కిస్తారు. తుడిచేది మనం. రేపు ఇంటి పెద్ద పోతే కాగితాలు పట్టుకుని స్టేషన్ మెట్లెక్కేదీ మనమే. గొప్ప చెప్పుకోవడం మాత్రం వాళ్ళ వంతు.

నేననేది ఒక్కటే. తాతల నాటి తుపాకీ ఉన్న ఇంట్లో దాని పుట్టుక, కాగితాలు, బాగోగులు అన్నీ ఆడవాళ్ళకి తెలిసి తీరాలి, నగల లెక్క తెలిసినట్టే.

ముందుగా ఒక హెచ్చరిక. "అది ఖాళీదేలే" అన్న మాట ఎవరు చెప్పినా నమ్మకండి. గొట్టం మూతి నుంచి మందు కూరే పాత తుపాకుల్లో ఎప్పుడో కూరిన మందు అలాగే ఉండిపోవచ్చు. తెలిసిన ఆయుధాల డీలరు చేత పరీక్ష చేయించే దాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

ఇక పుట్టుక. మనవాళ్ళు త్రీ నాట్ త్రీ అనే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలే అనుకోండి. కుడివైపు, బోల్టు పిడి కింద, కర్ర మడమ ఇనుముతో కలిసేచోట ముద్రలుంటాయి. కిరీటం, రాజుగారి పొడి అక్షరాలు, తయారైన చోటు, సంవత్సరం. వి.ఆర్. అంటే విక్టోరియా, ఇ.ఆర్. అంటే ఎడ్వర్డు, జి.ఆర్. అంటే జార్జి. కలకత్తా దగ్గరి ఇషాపూర్ కర్మాగారంలో తయారైన వాటి మీద ఆ ఊరి పేరే ఉంటుంది. అక్షరాలు తిరగబడి, స్పెల్లింగు తప్పుగా ఉంటే అనుమానించాలి. పెషావర్ వైపు దర్రా ఆదం ఖేల్‌లో చేతితో చేసిన నకళ్ళకి అది పెద్ద గుర్తు.

ఈ ముద్రలు చదవడం వస్తే ఇంట్లో కట్టుకథలు ఆగుతాయి. ఐదో జార్జి గద్దెనెక్కింది 1910లో. ఆయన ముద్రున్న తుపాకీతో ముత్తాతగారు 1857లో తెల్లవాళ్ళతో పోరాడారంటే ఎలా నమ్మడం? 1878 ఆయుధ చట్టంతో తెల్లదొరలు మనవాళ్ళ చేతుల్లో ఆయుధం లేకుండా చేయాలని చూశారు. తుపాకీ కావాలంటే సర్కారు లైసెన్సు ఇవ్వాలి. అది లేనివాళ్ళకి మిగిలింది అల్లూరి సీతారామరాజు దారి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద ఆయన దాడి చేసింది తుపాకుల కోసమే. మన ఇంటికి తుపాకీ ఏ దారిన వచ్చిందో ట్రంకుపెట్టెలోని పాత లైసెన్సు కాగితం చెబుతుంది. అది గర్వపడే కథే కానక్కర్లేదు, నిజమైతే చాలు. ఆ కాగితాన్ని చిత్తుకాగితాల్లో అమ్మేయకండి.

"పాతది కదా, లైసెన్సు అక్కర్లేదు" అనే మేధావులు ప్రతి బంధువర్గంలో ఒకరుంటారు. తప్పు. 1959 ఆయుధ చట్టం మినహాయింపు ఇచ్చింది వయసు చూసి కాదు. పాతకాలపు దైనా, పాడైనదైనా, మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉండాలి. పేలే త్రీ నాట్ త్రీకి ఎన్నేళ్ళొచ్చినా లైసెన్సు కావాల్సిందే. లైసెన్సుదారు పోతే జాప్యం చేయకుండా స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేసి, వారసులు దరఖాస్తు పెట్టుకోవాలి. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకి డెబ్భై ఏళ్ళు నిండినా, తుపాకీ ఇరవై ఐదేళ్ళు ఆయన దగ్గరున్నా, బతికుండగానే వారసుల పేరుకి మార్పించుకోవచ్చు. 2019 సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినవి కలిపినా మనిషికి రెండు తుపాకులకి మించి కుదరదు. వారసులంటే కొడుకులేనా? భార్య, కూతురు వారసులు కారా? ఈ ప్రశ్న మనం అడగకపోతే ఇంకెవరడుగుతారు?

చివరిది, కాపాడటం. ఇనప పెనం కడిగి తడి ఆరకుండా అటకెక్కిస్తామా? మరి తుపాకీకి ఆ తడిగుడ్డ ఎందుకు? తోలు సంచి చెమ్మని పట్టి ఉంచి తుప్పు తెప్పిస్తుంది. ఇసుక కాగితంతో రుద్దితే ముద్రలు పోతాయి, ముద్రలతో పాటు చరిత్రా పోతుంది. వార్నిష్ వద్దు, కొబ్బరినూనె వద్దు. ఇనుముకి పల్చగా మెషీన్ ఆయిల్, కర్రకి కాస్త అవిసె నూనె చాలు. ఆనాటి సైన్యంలో కర్రకి రాసింది అవిసె నూనే. ముట్టుకుంటే చేతి చెమట అంటకుండా నూలు తొడుగులు వేసుకోండి. పూజ మానమనను. బొట్టు పక్కన పీట మీద పెట్టండి, దేవి ఏమీ అనుకోదు.

ఉంచుకునే ఓపిక లేకపోతే, అధికారుల అనుమతితో మ్యూజియానికి ఇచ్చేయొచ్చు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత ఆయుధాలకి ఒక గదే ఉంది. అటక మీద తుప్పు పట్టించడం కన్నా అది వేయి రెట్లు నయం.

ఇంటి పరువు గోడకి తగిలించిన తుపాకీలో ఉందని నేననుకోను. ఇంట్లో ఏముందో, అది ఎక్కడిదో, రేపు ఎవరిదో ఆ ఇంటి ఆడపిల్ల కూడా చెప్పగలగాలి. పరువంటే అదీ. ఈ దసరాకి తుపాకీ కిందికి దిగినప్పుడు కుంకుమ భరిణె కన్నా ముందు లైసెన్సు కాగితం తెమ్మనండి.