ఉప్పు పుట్టించే కుటుంబం

పిల్లల సైన్సు పుస్తకంలో గళ్లు గళ్లుగా ఉండే ఆవర్తన పట్టికను చూసి, మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. మన వంటింటి అలమార కూడా అలాంటిదే! పప్పులన్నీ ఒక అరలో, పోపు సామానంతా ఒక అరలో సర్దుకుంటాం కదా. 1869లో మెండలీవ్ అనే రష్యా శాస్త్రవేత్త కూడా గుణాలు కలిసిన మూలకాలను ఒకచోట చేర్చి పట్టిక వేశాడు.

ఈనాటి పట్టికలో 17వ నిలువు వరుస హాలోజన్లది. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ ఈ కుటుంబంలో ముఖ్యులు. అందరిదీ ఒకటే కొరత. పరమాణువు బయటి కక్ష్యలో ఏడు ఎలక్ట్రాన్లే ఉంటాయి, ఎనిమిదోది కావాలి. క్లోరిన్‌కి సోడియం ఆ ఒక్కటీ ఇచ్చేస్తే ఇద్దరూ కుదురుకుంటారు. అదే మన కూరలో ఉప్పు. హాలోజన్ అన్న మాటకి అర్థం కూడా ఉప్పును పుట్టించేదనే.

కానీ జత కుదిరిన క్లోరిన్ వేరు, విడిగా తిరిగే క్లోరిన్ వేరు సుమా! విడి క్లోరిన్ ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, బెల్జియంలో సైనికుల మీదికి వదిలింది దీన్నే.

యుద్ధంతో మనకేం పని అంటారేమో. బాత్రూం తెల్లగా రావాలని బ్లీచింగ్ పౌడర్ చల్లి, దానిమీదే యాసిడ్ పోసేవాళ్లున్నారు. ఆ రెండూ కలిస్తే వచ్చేది ఆ వాయువే! తలుపు మూసుకుని కడిగితే ప్రాణం మీదికి వస్తుంది. ఏదో ఒకటే వాడండి. పనిమనిషికీ చెప్పండి. ఘాటు కొడితే అన్నీ వదిలేసి బయటి గాలిలోకి వచ్చేయండి. దగ్గు, ఆయాసం ఉంటే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.

మిగతావాళ్లతోనూ కొలత ముఖ్యం. ఫ్లోరైడ్ కొద్దిగా ఉంటే పళ్లకి మంచిదే. తాగేనీళ్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటి, ఏళ్లతరబడి తాగితే పళ్లమీద మచ్చలు పడతాయి. ఇంకా ఎక్కువైతే ఎముకలకే చేటు. నల్గొండ జిల్లా పల్లెలు ఆ బాధ ఎంతో పడ్డాయి. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

అయోడిన్ తక్కువైతే గొంతు దగ్గర వాపు వస్తుంది. గర్భిణికైతే కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలకే లోటు. అందుకే అయోడిన్ ఉప్పును గట్టి మూత ఉన్న డబ్బాలో, పొయ్యి వేడి తగలనిచోట పెట్టుకోండి.

ఇక లేచి ఒక్కసారి బాత్రూం అరలో చూడండి. బ్లీచింగ్ పౌడరూ యాసిడ్ సీసా పక్కపక్కనే ఉంటే ముందు వాటిని విడదీయండి.