మడత ఇల్లు – చాకిరీ లెక్క

నాకు పాప్‌అప్ ట్రైలర్ మీద కోపం లేదు. నా కోపమంతా "కొన్నప్పుడు పెట్టిన డబ్బే, తర్వాత ఖర్చేమీ వుండదు" అని చెప్పే మగమహారాజుల మీద. ఆ మాట నమ్మి తలాడించే ఇల్లాళ్ళ మీద ఇంకొంచెం ఎక్కువ. అలా తలాడించినవాళ్ళలో నేనూ ఒకర్తెను గనక ఈ కోపం తెచ్చుకునే హక్కు నాకు బాగానే వుంది.

ఇంతకీ పాప్‌అప్ అంటే ఏమిటో ఇండియాలో వున్న అక్కయ్యలకీ వదినెలకీ చెప్పాలి గదా! నడుమెత్తు పెట్టె ఒకటి, కింద రెండు చక్రాలు. కారు వెనక తగిలించుకుని అడవికో సరస్సు ఒడ్డుకో లాక్కువెళతారు. అక్కడ పక్కనున్న పిడి పట్టుకుని బావిలో నీళ్ళు తోడినట్టు తిప్పితే కప్పు పైకి లేస్తుంది. అటూ ఇటూ రెండు మంచాలు సొరుగుల్లా బయటికొస్తాయి. గోడలు గుడ్డవి. లోపల రెండు మంటల గాస్ పొయ్యి, పాపాయి స్నానానికి కూడా చాలని సింకు, ఒక బుల్లి ఫ్రిజ్. మన గూడుబండికి అమెరికాలో పుట్టిన మనవడనుకోండి, ఎద్దులు లేవు, అంతే.

"మాకెందుకమ్మా అమెరికా భాగోతం?" అంటారేమో. మీ అమ్మాయో కోడలో ఇక్కడ వుంటే రేపో మాపో ఫోన్‌లో "అమ్మా, మేమూ కొన్నాం" అని చెబుతుంది. 2020లో కరోనా వచ్చి హోటళ్ళంటే భయపడిన రోజుల్లో వీటికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మన తెలుగువాళ్ళూ ఎగబడ్డారు. "ఎంతకి కొన్నారే?" అని మీరు అడుగుతారు. అందరూ అడిగే ప్రశ్న అదే. దాన్ని సాకేది ఎవరని మాత్రం ఒక్కరూ అడగరు.

మేం ఆ గిరాకీకి ముందే, 2017లో కొన్నాం. మేముండేది మిచిగన్‌లో. మాకు దక్షిణాన ఇండియానాలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల అన్నీ ఈ చక్రాల ఇళ్ళు చేసే కార్ఖానాలే. ఆ ఫిబ్రవరిలో కొత్త బళ్ళ ప్రదర్శన ఒకటి చూశాం. జనం చేసే పరీక్ష ఏమిటో తెలుసా? పరుపు మీద కూర్చుని రెండుసార్లు ఎగరడం! మేమూ ఎగిరాం. దీపం వేసి ఆర్పాం. పరదాల రంగు బాగుందన్నాను నేను. (బి.ఏ. చదివినదాన్ని, రంగుల దాకా చూడగలను. ఇరుసుల దాకా చూపు పోలేదు.) ధర చీటీ చూడగానే మావారికి అంత చలిలోనూ చెమట పట్టింది. దాంతో పాతది కొనాలని తీర్మానమయింది.

ఆ రాత్రి మావారు ఒక కాగితం మీద లెక్క వేశారు. హోటలుకి రాత్రికి 130 డాలర్లు. 2004లో తయారైన ఒక బండి 4,200 డాలర్లకి వస్తోంది. "ముప్ఫైమూడు రాత్రులు పడుకుంటే పెట్టుబడి వచ్చేసినట్టేనోయ్. ఆ పైన ప్రతి రాత్రీ లాభమే!" ఆ కాగితం మీద వున్నవి ఆ రెండంకెలే. నేను తలాడించాను.

అప్పుడు ఏమేం చూడలేదో ఇప్పుడు చెబుతాను, వినండి. కప్పు నాలుగు మూలలా బొటనవేలితో నొక్కి చూడాలి. తాటిముంజెలా మెత్తగా దిగిందంటే లోపల చెక్క నాని పుచ్చిందన్న మాటే. పైన రంగు వేసి ఎంతైనా దాచవచ్చు, మెత్తదనం దాచలేరు. గుడ్డని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడాలి, సూదిమొన చిల్లులు అప్పుడే కనబడతాయి. గుడ్డలో కూడా రకాలున్నాయి. నూలు కలిసిన కాన్వాస్ గాలి పీలుస్తుంది గానీ, తడిస్తే ఆరబెట్టాలి, కొన్నేళ్ళకోసారి నీరంటని పూత పూయాలి. వినైల్ అయితే నీరు దిగదు, కానీ మన ఊపిరే లోపల చెమ్మయి తెల్లవారేసరికి గోడల మీంచి కారుతుంది. కప్పుని పూర్తిగా ఎత్తించి మళ్ళీ పూర్తిగా దింపించాలి. దాన్ని ఎత్తేవి సన్నటి ఇనుప తీగతాళ్ళూ కప్పీలూ. తాడు ఒక్క పోగు తెగి వున్నా, కప్పు ఒక వైపు లేచి ఒక వైపు లేవకపోయినా, చేతులు జోడించి ఇంటికి వచ్చేయాలి.

ఇక టైర్లు. గాడి కొత్తగా వుంది కదా అని మురిసిపోకండి. టైరు పక్కన డి.ఓ.టి. అక్షరాల వెంట వుండే చివరి నాలుగంకెలే దాని జాతకం. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. మా దాని మీద 2309 అని వుంది. అంటే 2009లో ఇరవైమూడో వారంలో పుట్టినది. ఏడాదిలో పది నెలలు కదలకుండా పడివుండే బండికి టైరు అరగదు, ఎండి బీటలు వారుతుంది. ఎనిమిదేళ్ళ ముసలి టైర్ల మీద పిల్లల్ని ఎక్కించుకుని డెబ్భై మైళ్ళ వేగంతో పోబోయామని తెలిశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకొకటి, పాతది కొనేటప్పుడు దాన్ని చేసిన కంపెనీ ఇంకా వుందా అని కనుక్కోండి. ఒకప్పుడు ఈ మడత బళ్ళలో పెద్ద పేరున్న ఫ్లీట్‌వుడ్ 2009లో దివాలా దరఖాస్తు పెట్టింది. బండి మన వాకిట్లో వుంటుంది, దాని కిటికీ గొళ్ళెం విరిగితే మరొకటి ఏ వూళ్ళో దొరుకుతుందో వెతుక్కోవడం మన వంతు.

సరే, కొన్నాం. కారుకి కొక్కెం పెట్టించాలి, దీపాల తీగలు కలపాలి, బ్రేకుల యంత్రం బిగించాలి. చక్రాల బేరింగులు ఏటేటా విప్పి, కడిగి, కొత్త గ్రీజు కూరి బిగించాలన్నాడు మెకానిక్కు. మావారు "ఏటేటానా!" అని నోరు తెరిచారు. మా తాతగారు ఇరుసుకి కందెన పెట్టకుండా తిరునాళ్ళకి బండి కట్టేవారు కాదు. ఇంజనీరింగు చదివిన మనవడల్లుడికి అది కొత్త సంగతి!

ఇదంతా డబ్బుతో పోయేది. డబ్బుతో పోనిది వాన.

2018 జూలైలో మేకినా వంతెన దాటి పై ద్వీపకల్పానికి వెళ్ళాం. మూడు రోజులూ ఒకటే వాన. ఆదివారం సాయంత్రం తడిగుడ్డని తడిగానే మడిచి పెట్టెలో కుక్కి, రాత్రి పదకొండింటికి ఇల్లు చేరాం. తడిసిన కాన్వాస్‌ని మర్నాడైనా విప్పి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. పట్టిన బూజు ఒక పట్టాన వదలదు, ఆ వాసన అసలే వదలదు. సోమవారం పొద్దున్నే మావారు టై కట్టుకుంటూ అన్నారు: "కాస్త విప్పి ఆరబెట్టేస్తావా? నువ్వు ఇంట్లోనే వుంటావు కదా!"

ఇంట్లోనే వుంటాను. నిజమే. ఆ గురువారానికల్లా సీరియల్ భాగం పంపాలి, కథానాయికని అప్పటికి రెండు వారాలుగా రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి వుంచాను. ఆ అమ్మాయిని అక్కడే వదిలేసి పిడి తిప్పి, మంచాలు లాగి, పరుపులు ఎండేసి, చీకటి మూలల్ని తువ్వాళ్ళతో అద్ది, మధ్యాహ్నం మబ్బు పడితే మళ్ళీ అన్నీ లోపలికి చేర్చి, మంగళవారం మళ్ళీ విప్పి... బుధవారం ఉదయం మా కాలనీ సంఘం వారి ఉత్తరం! వాకిట్లో ట్రైలరు నలభైఎనిమిది గంటలకి మించి వుంచరాదట. ఆ వుత్తరం అందుకున్నదీ నేనే, ఇంట్లోనే వుంటాను కదా.

ఐదేళ్ళలో మేం వెళ్ళినవి పదకొండు ప్రయాణాలు, అందులో ఆరింటికి వాన. ఆ ఆరుసార్లూ ఆరబెట్టింది నేనే. చలికాలం ముందు గొట్టాల్లో నీళ్ళు పూర్తిగా వంపి, గడ్డకట్టని గులాబిరంగు ద్రవం ఎక్కించేది మావారు. అది అరగంట పని, దానికి ఊరంతా పిలిచి చెబుతారు. ఒక ఏడు నేను అటకలాంటి అరలో బియ్యం సంచీ మరిచిపోయాను. వసంతంలో విప్పేసరికి ఎలుకలు సంసారం పెట్టి, మంచం వైపు గుడ్డ నమిలేశాయి. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. అయితే ఆ ఒక్క తప్పూ మా ఇంట్లో ఇప్పటికీ వినబడుతూనే వుంటుంది!

ఇప్పుడు నా కాగితం చూడండి. బండి 4,200. కొక్కెం, తీగలు 400. బ్రేకుల యంత్రం 180. మూడు టైర్లు 285. బేటరీ 115. వాకిట్లో వుంచనివ్వరు గనక షెడ్డు అద్దె నెలకి 45 చొప్పున ఐదేళ్ళకి 2,700. ఇన్సూరెన్సు 600. మూడుసార్లు బేరింగులు 480. కప్పు ఎత్తే తీగతాళ్ళు తెగితే మార్చినందుకు 850. ఎలుకల తర్వాత కొత్త గుడ్డ, బిగింపు కూలితో సహా 2,200. కప్పు అతుకులకి పూసే జిగురు, చిల్లర మల్లర 240. మొత్తం 12,250 డాలర్లు. 2022లో 3,000కి అమ్మాం. చేతినించి పోయింది 9,250. పడుకున్న రాత్రులు ముప్ఫైఒకటి. రాత్రికి 298 డాలర్లు! శిబిరంలో స్థలానికి కట్టిన అద్దె అందులో కలపలేదు. నా చాకిరీ అసలే కలపలేదు. ముప్ఫైమూడో రాత్రి నించి లాభమన్న మావారు ఆ రాత్రిని చూడనే లేదు.

"మీరు సరిగ్గా వాడుకోలేదు వదినగారూ, ఏడాదికి ముప్ఫై రాత్రులు వెళితే గిట్టుబాటవుతుంది" అంటాడు మావారి స్నేహితుడు. నిజమే బాబూ. ఏడాదికి రెండు వారాలు సెలవు దొరికే ఉద్యోగంలో, మూడు వారాలు ఇండియాకి పోవాలని ఏడ్చే సంసారంలో, శనివారం తెలుగు బడీ ఆదివారం పుట్టినరోజులూ వుండే ఊళ్ళో, ఆ ముప్ఫై రాత్రులు ఏ నెలలో దొరుకుతాయో కూడా చెప్పు. పైగా గుడ్డ గోడల బండికి అన్నిచోట్లా ప్రవేశం లేదు. యెల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ శిబిరంలో గట్టి గోడల బళ్ళనే రానిస్తారు. అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి మరి! యెల్లోస్టోన్ పేరు చెప్పే మావారు బండి కొన్నారు. ఆ నిబంధన మేం చదివింది కొన్నాక.

అందులో సుఖమే లేదా అంటే, వుంది. లేదంటే కళ్ళు పోతాయి. స్లీపింగ్ బేర్ ఇసుక దిబ్బల దగ్గర, మిచిగన్ సరస్సు హోరు వింటూ, గుడ్డ గోడ మీద చెట్ల నీడలు కదులుతూ వుంటే పిల్లలు మా మధ్యలో దూరి కథ చెప్పమన్న రాత్రులు ఏ హోటలిస్తుంది? పొద్దున్నే ఆ రెండు మంటల పొయ్యి మీద ఉప్మా తిరగమోత వాసనకి పక్క డేరాలోని ముసలి దంపతులు పళ్ళేలు పట్టుకుని వచ్చారు. ఆ సుఖం కావాలంటే అద్దెకి తెచ్చుకోండి. ఒకసారి ఎండలో, ఒకసారి వానలో. లేదా ఇక్కడి స్టేట్ పార్కుల్లో చెక్క గదులు అద్దెకిస్తారు, తాళం వేసి తాళంచెవి ఇచ్చేసి వచ్చేయొచ్చు. ఇవన్నీ అయ్యాక కూడా కొనాలనిపిస్తే కొనండి. కానీ ధర రాసుకునే కాగితం మీదనే, ధర పక్కనే, వానలో తడిస్తే ఎవరు ఆరబెడతారో పేరు రాయించి సంతకం పెట్టించండి. వంటింటికి పేరు రాయకుండానే మన పేరు ఖాయమైపోయింది. చక్రాల మీద వున్న రెండో ఇంటికి కూడా అలా జరగనిస్తే తప్పు మనది.

2022 ఏప్రిల్లో దాన్ని కొనడానికి వచ్చినవాళ్ళు తెలుగు పిల్లలే. పెళ్ళయి రెండేళ్ళయిందట. ఆ అబ్బాయి సరాసరి వెళ్ళి పరుపు మీద కూర్చుని రెండుసార్లు ఎగిరాడు. మావారు ఉత్సాహంగా దీపం వేసి చూపిస్తున్నారు. ఆ అమ్మాయి మాత్రం చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని (గుడి నించి ఇటే వచ్చారట) టైరు పక్కన గొంతుక్కూర్చుని అంకెలు చదువుతోంది. నాకు ముచ్చటేసింది. లోపలికి వెళ్ళి నా కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. బేరం చెడినా సరే అనుకున్నాను.

పైనించి కిందిదాకా చదివింది. "ఆంటీ, మరి తడిస్తే ఆరబెట్టడం..." అంది.

"అదే అమ్మా అసలు సంగతి. మీ ఇద్దరిలో ఎవరు?"

"నేను రోజూ ఆస్పత్రికి వెళ్ళాలండీ" అంది ఆ పిల్ల, పరుపు మీద ఇంకా ఊగుతున్న మొగుడి వైపు చూస్తూ. "తనకి వర్క్ ఫ్రమ్ హోమ్. ఇంట్లోనే వుంటాడు కదా!"